తప్పు కాదు మేడం, మా సార్ అలాగే చెప్పారు



పోయిన జనవరిలో, సంక్రాంతి సెలవులకు ముందు జరిగిన మన బ్రాంచి స్పోర్ట్స్ డేకి మీలో చాలామంది వచ్చారు. కరాటే ప్రదర్శన మీకు గుర్తుండే ఉంటుంది. నలభై మంది పిల్లలు తెల్ల బట్టల్లో ఐదు వరుసలుగా నిలబడి, డ్రమ్ము దెబ్బకు ఒక్కటిగా కదిలారు. అందరూ ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు. చివరి నాలుగు కదలికల దగ్గరికొచ్చేసరికి మూడో వరుసలో ఒక పాప వేరుగా చేసింది. మిగతా ముప్పై తొమ్మిది మంది బరువంతా వెనక కాలి మీద వేసి, అరచెయ్యిని కత్తిలా చేసి ఛాతీ ఎత్తున పెట్టారు. ఆ పాప మాత్రం మోకాళ్లు రెండు పక్కలకీ తెరిచి, మిర్చి టిక్కీ ఎత్తబోయే హమాలీలా కిందికి కూర్చుని, చేతిని తొడ మీదుగా కిందికి కొట్టింది. ఒకసారి పొరపాటున కాదు, నాలుగుసార్లూ అలాగే చేసింది. కుర్చీల్లోంచి నవ్వులు వినిపించాయి. నవ్విన వాళ్లను అనడానికి కాదు నేను ఇది రాస్తున్నది. నవ్వు కంటే పెద్ద తప్పు నేను చేశాను.

ఆ వరుసలకు ఆ రోజు ఇన్‌ఛార్జిని నేనే. నేను చెప్పేది ఇంగ్లిష్. కరాటేలో ఓనమాలు కూడా రావు. పిల్లలు గ్రౌండ్ దిగి రాగానే అందరి ముందూ ఆ పాపతో, "పక్కవాళ్లను చూసి చెయ్యొచ్చు కదమ్మా, మొత్తం తప్పు చేశావు" అన్నాను. పాప ఆరో తరగతి. ఆ ఏడాది జూన్‌లోనే ఒంగోలు నుంచి వచ్చి చేరింది. నా మొహంలోకి చూసి, "తప్పు కాదు మేడం, మా ఒంగోలు సార్ అలాగే చెప్పారు" అంది. "ఒంగోల్లో ఎలా చేసినా సరే, ఇక్కడ ఇలాగే చెయ్యాలి" అన్నాను. నాలుగేళ్ల టీచరు ఉద్యోగంలో ఇలాంటి మాటలు ఆలోచించకుండానే నోటికి వచ్చేస్తాయి.

ఆ తర్వాతి వారం నుంచి ఆ పాప కరాటే క్లాసుకు రాలేదు.

ఫిబ్రవరి పీటీఎంలో వాళ్ల నాన్నగారు వచ్చారు. ఒంగోల్లో పొగాకు కంపెనీలో పనిచేసి, ఇప్పుడు గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో చేరారు. మార్కుల షీటు చూశారు, సంతకం పెట్టారు, లేవబోయి మళ్లీ కూర్చున్నారు. "మేడం, అక్కడ రెండేళ్లు ఫీజు కట్టాను. బెల్టు పరీక్షకీ విడిగా కట్టాను. గ్రీన్ బెల్టు వచ్చింది. ఇక్కడికొస్తే స్టైల్ వేరు, మళ్లీ తెల్ల బెల్టు కట్టుకోమన్నారు. సరే అన్నాం. ఇప్పుడు అది చేసేదే తప్పు అంటే, ఆ రెండేళ్లూ తప్పే నేర్చుకుందా? అసలు ఏది కరెక్టో మీరు చెప్పండి" అని అడిగారు. కోపంగా అడగలేదు. కోపంగా అడిగినా బాగుండేది. నేను, "కనుక్కుని చెప్తానండీ" అన్నాను. టీచర్లం ఆ మాట ఎంత తేలిగ్గా అంటామో మీకు తెలుసు. ఈసారి నిజంగానే కనుక్కున్నాను. ఇంకా చాలామంది పిల్లలు బ్రాంచీలు మారతారు, ఊళ్లు మారతారు, మాస్టర్లు మారతారు. అందుకే ఆయనకు చెప్పిన జవాబే మీకూ రాస్తున్నాను.

ముందు మా కరాటే సార్‌నే అడిగాను. మంగళవారం, శనివారం వస్తారాయన. ఆయనకు ఏమాత్రం ఆశ్చర్యం కలగలేదు. "అది తప్పు కాదు మేడం, అది షితో ర్యూ. మనది షోటోకాన్. అమ్మాయి చేసింది పినాన్ నిదాన్. మన పిల్లలు చేసింది హెయాన్ షోదాన్. రెండూ ఒకటే కటా" అన్నారు. కటా అంటే ఎదురుగా మనిషి లేకపోయినా ఉన్నట్టే అనుకుని, వరుస తప్పకుండా ఒక్కరే చేసే కదలికల మాల. మన పిల్లలు చేసినదాంట్లో కదలికలు 21. మరి ఈ మాట ఆ రోజు గ్రౌండ్‌లో ఎందుకు చెప్పలేదు సార్ అని అడిగాను. "మీరు అప్పటికే అరిచేశారు కదా మేడం" అన్నారు.

షోదాన్ అంటే మొదటిది, నిదాన్ అంటే రెండోది. మరి మొదటిదీ రెండోదీ ఒకటే ఎలా అవుతాయి? ఇది నన్ను రెండు రోజులు తిప్పలు పెట్టింది. దీని వెనక ఉన్న కథ బడి కథే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

జపాన్‌కు దక్షిణాన ఒకినావా దీవులున్నాయి. అక్కడ ఇతోసు ఆంకో (1831–1915) అనే పెద్దాయన ఉండేవారు. అప్పటివరకూ కరాటే అంటే గురువు ఇంట్లో ఒకరిద్దరు శిష్యులకు చాటుగా నేర్పే విద్య. 20వ శతాబ్దం మొదట్లో ఇతోసు దాన్ని బడి పిల్లల ముందుకు తెచ్చారు. బడి అంటే ఒక్కసారే పదుల కొద్దీ పిల్లలు. పెద్దవాళ్ల కటాలు వాళ్లకు పొడుగు, ప్రమాదం కూడా. అందుకని పాత కటాల్లోంచి ముక్కలు తీసి ఐదు చిన్నవి కుదిర్చారు. వాటికి పినాన్ అని పేరు పెట్టారు. బడుల్లో ఈ విద్య ఎందుకు ఉండాలో పది అంశాలుగా 1908లో అధికారులకు ఉత్తరం కూడా రాశారు. అంటే ఆ రోజు మన గ్రౌండ్‌లో పిల్లలు చేసింది పుట్టుకతోనే బడి పిల్లల పాఠం. సిలబస్ తగ్గించి రాసిన వాచకం అనుకోండి.

ఇతోసు శిష్యుల్లో ఇద్దర్ని గుర్తుపెట్టుకోండి. ఒకరు ఫునాకోషి గిచిన్ (1868–1957). ఆయన వృత్తి బడి పంతులు. 1922లో టోక్యో వెళ్లి ప్రదర్శన ఇచ్చి అక్కడే ఉండిపోయారు. జపాన్ వాళ్లకు నోరు తిరిగేలా పినాన్‌ను హెయాన్ అన్నారు. ఐదింటిలో మొదటిదాని కంటే రెండోదే తేలిక కాబట్టి ఆ రెండిటి వరుస తారుమారు చేశారు. అలా పినాన్‌లో రెండోది హెయాన్‌లో మొదటిదైంది. ఏ పాఠం ముందు చెప్పాలన్న గొడవ టీచర్లకు ఎక్కడైనా ఒకటే అని నాకు నవ్వొచ్చింది. రెండో శిష్యుడు మాబుని కెన్వా (1889–1952), ఒకినావాలో పోలీసు ఉద్యోగి. ఆయన ఇతోసు పెట్టిన పేరూ వరుసా అలాగే ఉంచారు. ఫునాకోషిది షోటోకాన్, మాబునిది షితో ర్యూ. షోటోకాన్‌లో అడుగులు పొడుగ్గా, కిందికి ఉంటాయి. ఆ పొడుగు ఫునాకోషి కొడుకు కాలంలో వచ్చిందంటారు. షితో ర్యూలో అడుగులు పొట్టి. నడకలో నిలబడ్డట్టు ఉంటాయి, మధ్యలో పిల్లి కాలు మునివేళ్ల మీద ఆనించినట్టు ఒక నిలకడ. చివరి నాలుగు కదలికల్లో మాత్రం తిరగబడుతుంది. షోటోకాన్ పిల్లలు వెనక కాలి మీదికి వాలితే షితో ర్యూ పిల్లలు కిందికి కూర్చుంటారు.

ఆ నాలుగు కదలికలూ సార్ నాకు విడదీసి చూపించారు. తొమ్మిదో తరగతి అబ్బాయిని పిలిచి, గుద్దమన్నారు. పక్కకు ఏటవాలుగా అడుగేసి, ఛాతీ ఎత్తున అరచేతి అంచుతో ఆ గుద్దును తోసేశారు. ఇది మనది. మళ్లీ అదే అబ్బాయిని తన్నమన్నారు. అదే ఏటవాలు అడుగు, కానీ ఈసారి కిందికి కూర్చుని అదే అరచేతి అంచుతో ఆ కాలిని పక్కకు కొట్టారు. ఇది ఆ పాపది. అప్పుడు గమనించాను. రెండిట్లోనూ అడుగు వెళ్లిన దిక్కు ఒకటే, లెక్క ఒకటే, చేతి అంచు ఒకటే. మారింది ఎత్తూ, బరువు ఏ కాలి మీద ఉందన్నదీ. ఒక గురువు చెప్పిన వాక్యాన్ని ఇద్దరు శిష్యులు రెండు ఇళ్లకు తీసుకెళ్లారు. మూడు నాలుగు తరాల తర్వాత ఆ రెండిళ్ల పిల్లలు గుంటూరు గ్రౌండ్‌లో ఒక వరుసలో కలిసి నిలబడ్డారు. నేను వెళ్లి ఒకరిది తప్పు అన్నాను.

ఇక్కడితో ఆపితే నాన్నగారి ప్రశ్నకు సగమే జవాబు. ఇతోసు దగ్గరిది అసలు, మిగతావి నకళ్లు అనుకునే ప్రమాదం ఉంది. అందుకే ఇంకొంచెం వెనక్కి వెళ్లాను. వెనక్కి వెళ్తే చైనా వస్తుంది. కరాటే అన్న మాటనే మొదట్లో 'చైనా చెయ్యి' అన్న అర్థం వచ్చే అక్షరాలతో రాసేవాళ్లు. 1936లో నాహాలో పెద్దలు కూర్చుని 'ఖాళీ చెయ్యి' అని రాయడానికి ఒప్పుకున్నారు. పలకడం మాత్రం మారలేదు. ఒకినావా నుంచి సముద్రం దాటితే దక్షిణ చైనాలోని ఫుజియాన్ రాష్ట్రం, దాని రేవు పట్నం ఫుజౌ. హిగావొన్నా కాన్‌ర్యో (1853–1915) అక్కడికి వెళ్లి నేర్చుకొచ్చారు. ఊయెచి కాన్‌బున్ (1877–1948) 1897లో వెళ్లారు. ఇద్దరూ తెచ్చినవాటిలో ఒక కటా పేరు సాన్‌చిన్, అంటే మూడు పోరాటాలు. కాలి వేళ్లు కాస్త లోపలికి తిప్పి, మోచేతులు పక్కటెముకల దగ్గరకు లాగి, మూడడుగులు ముందుకు వేస్తూ చేసే కటా. చూడ్డానికి ఏమీ ఉండదు. చేసేవాళ్లకు మాత్రం అరగంటలో చొక్కా తడుస్తుందట.

ఇది నాలుగు ఇళ్లలో ఎలా చేస్తారో ఫోన్‌లో వీడియోలు పక్కపక్కన పెట్టుకుని చూశాను. హిగావొన్నా శిష్యుడు మియాగి చోజున్ స్థాపించిన గోజు ర్యూలో పిడికిళ్లు మూసి, గది అవతలికి వినబడేంత గట్టిగా, నెమ్మదిగా ఊపిరి వదులుతూ చేస్తారు. ఊయెచి వాళ్ల ఇంట్లో అరచేతులు తెరిచే ఉంటాయి, వేళ్లతో పొడుస్తారు, ఊపిరి చిన్నది. ఫుజియాన్‌లోని తెల్లకొంగ కుంగ్‌ఫూలోనూ ఇదే పేరుతో మూడడుగుల వరుస ఉంది. అక్కడా చేతులు తెరిచే ఉంటాయి, కానీ బిగింపు తక్కువ, ఒళ్లు జాడించినట్టుగా ఉంటుంది. అదే ప్రాంతపు 'ఐదుగురు పూర్వీకుల' కుంగ్‌ఫూలో దీన్నే సామ్ చియెన్ అంటారు, పిల్లలకు మొదట నేర్పేది అదే. పేరు ఒకటి, మూడడుగులు ఒకటి, లోపలికి లాగిన మోచెయ్యి ఒకటి. పిడికిలి మూయాలా తెరవాలా అంటే మాత్రం ఏ ఇంటి పెద్ద ఆ ఇంటి మాటే చెప్తారు. ఎవరి కారణం వాళ్లకుంది. పిడికిలి మూస్తే ఒళ్లంతా బిగించడం తెలుస్తుంది. తెరిస్తే పట్టుకోవడం, పొడవడం తెలుస్తుంది.

ఇంకా దక్షిణానికి, గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని ఫోషాన్‌కు వెళ్తే ఈ తేడాలు ఇంకా ముచ్చటగా ఉంటాయి. చైనాలో ఒక నానుడి ఉంది: దక్షిణాన పిడికిలి, ఉత్తరాన కాలు. ఉత్తరాదివాళ్లు ఎగిరి తంతే దక్షిణాదివాళ్లు దగ్గరగా నిలబడి చేతులతో పని కానిస్తారని. కానీ ఆ దక్షిణంలోనే, ఆ ఒక్క ఫోషాన్ చుట్టుపక్కలే, చూస్తే రెండు వేరే దేశాలవా అనిపించే విద్యలున్నాయి. ఒకటి హుంగ్ గార్. వాంగ్ ఫే హుంగ్ (1847–1925) పేరుతో ప్రసిద్ధి. కాళ్లు బాగా ఎడంగా పెట్టి, తొడలు నేలకు సమంగా వచ్చేదాకా కూర్చుని, పులిలా కొంగలా చేతులు ఆడిస్తారు. మన నాన్నల తరం చూసిన '36 ఛాంబర్స్ ఆఫ్ షావోలిన్' (1978) దర్శకుడు లావ్ కార్ ల్యూంగ్ ఈ ఇంటివాడే. వాంగ్ ఫే హుంగ్ శిష్యుడైన లామ్ సాయ్ వింగ్ దగ్గర నేర్చుకున్నది ఆయన తండ్రి. రెండోది వింగ్ చున్. బ్రూస్ లీ గురువు ఇప్ మాన్ (1893–1972) వల్ల ప్రపంచానికి తెలిసింది. దాని మొదటి వరుస సియు నిమ్ తావ్‌లో మొదటి నుంచి చివరిదాకా ఒక్క అడుగు కూడా కదపరు! మోకాళ్లు లోపలికి నొక్కి నిలబడి, చేతులే కదుపుతారు. ఒకరు నేలకు దిగి, ఒకరు నిలువుగా. ఎవరిది కరెక్టు? ఇద్దరూ ముంజేతిని మాత్రం 'వంతెన' అనే పిలుస్తారు. అవతలివాడి చేతికి మన చెయ్యి తగిలితే అక్కడ వంతెన పడ్డట్టు. వింగ్ చున్ రెండో వరుస చమ్ క్యూ పేరుకు అర్థమే వంతెనను వెతకడం. హుంగ్ గార్‌లో పన్నెండు వంతెనలు లెక్కపెడతారు. మాట ఒకటే, దాని మీద నడిచే తీరు వేరు.

నాకు బాగా నచ్చింది ల్యూంగ్ జాన్ సంగతి. ఫోషాన్‌లో మూలికా వైద్యుడు, 19వ శతాబ్దం మనిషి. పట్నంలో ఉన్నప్పుడు నేర్పిన వింగ్ చున్ పొడుగాటి వరుసలతో, డబ్బు మార్చే వ్యాపారి చాన్ వా షున్ మీదుగా ఇప్ మాన్ దాకా వచ్చింది. వయసైపోయాక ఆయన సొంతూరు గులావ్ వెళ్లి అక్కడివాళ్లకు నేర్పారు. అక్కడ పొడుగు వరుసలు పక్కన పెట్టి, చిన్న చిన్న ముక్కలుగా, ఒళ్లు కాస్త పక్కకు తిప్పి చేసేలా నేర్పారు. గురువు ఒక్కరే, పట్నం పిల్లలకు ఒక తీరు, పల్లె పిల్లలకు ఇంకో తీరు. ఈ రోజు ఆ రెండు వంశాలవాళ్లూ కలిస్తే ఒకరి చెయ్యి చూసి ఒకరు తప్పంటారేమో. ల్యూంగ్ జాన్ ఉంటే ఏమనేవారు?

ఈ మాటలు క్లాసులో చెప్తుంటే ఒకడు లేచి, "మేడం, అసలు కుంగ్‌ఫూ మనదే. బోధిధర్ముడు వెళ్లి నేర్పాడు" అన్నాడు. 2011లో వచ్చిన 'సెవెన్త్ సెన్స్' సినిమా దెబ్బ అది. మీ ఇంట్లోనూ ఈ మాట వచ్చే ఉంటుంది. బోధిధర్ముడు దక్షిణ భారతం నుంచి వెళ్లాడని చైనా వాళ్లే చెప్పుకుంటారు, ధ్యాన బౌద్ధానికి ఆయన మూలపురుషుడు. కానీ ఆయన పేరుతో ఉన్న వ్యాయామ గ్రంథం 17వ శతాబ్దానిది. ఆయనకూ దానికీ మధ్య వెయ్యేళ్లు దాటిన ఎడం. ఆయన గురించిన పాత రాతల్లో యుద్ధవిద్య మాటే లేదు. అమరావతి మనకు గంట ప్రయాణం. గర్వపడటానికి నిజాలే బోలెడు ఉన్నాయిరా, అరువు తెచ్చుకోనక్కర్లేదు అన్నాను వాడితో. ఆ మాటకొస్తే చైనా దక్షిణాది కథలూ ఇలాంటివే. తగలబడిన గుడి నుంచి తప్పించుకున్న ఐదుగురు పెద్దలు వగైరా, వాటికీ గట్టి ఆధారాలు లేవు. ఒకటి మాత్రం ఆడపిల్లల తల్లిదండ్రులు వినాలి. వింగ్ చున్ కథలో ఆ విద్యను ఒక సన్యాసిని నుంచి నేర్చుకుని దానికి పేరిచ్చింది యిమ్ వింగ్ చున్ అనే అమ్మాయి. తెల్లకొంగ కథలో కొంగ కదలికలు చూసి విద్య కట్టింది ఫాంగ్ చినియాంగ్ అనే అమ్మాయి. కథలే అయినా, రెండు పెద్ద ఇళ్లు తమ మూలంలో ఆడపిల్లనే పెట్టుకున్నాయి.

నాది ఇంగ్లిష్ కాబట్టి సిగ్గుపడాల్సిన విషయం ఒకటి చెప్పాలి. 'షెడ్యూల్' అన్నవాడినీ 'స్కెడ్యూల్' అన్నవాడినీ నేను ఎప్పుడూ తప్పు పట్టలేదు. ఒకటి లండన్‌ది, ఒకటి అమెరికాది, ఏదో ఒకటి పట్టుకో, కలపకు అంటాను. 'కలర్' స్పెల్లింగులో 'యు' ఉన్నా లేకపోయినా మార్కు వేస్తాను. భాషలో ఇంత ఓపిక ఉన్నదాన్ని ఒక పాప కాళ్లూ చేతుల దగ్గర అంత తొందర ఎందుకు పడ్డాను? నాకు తెలియని విద్య కాబట్టి. తెలియని చోట ముప్పై తొమ్మిది మంది చేసేదే కరెక్టు అనిపిస్తుంది.

అసలు నాకు చిన్నప్పుడే తెలిసి ఉండాల్సింది. మాది చిలకలూరిపేట దగ్గర పల్లె, పత్తీ మిర్చీ వేస్తారు. అమ్మమ్మగారిది పర్చూరు వైపు. దసరాకు రెండు ఊళ్లలోనూ కర్రసాము ఉండేది. మా ఊళ్లో కర్ర నడిమికి పట్టుకుని తిప్పేవాళ్లు, అక్కడ ఒక చివర పట్టుకుని. నేను తాతయ్యను, "ఏది కరెక్టు తాతయ్యా?" అని అడిగాను. ఆయన నా చేతికి కర్ర ఇచ్చి నడిమికి పట్టుకోమని, తన కర్రతో ఒక్కటి తగిలించారు. కర్ర నా చేతిలోనే ఉంది. చివర పట్టుకోమని మళ్లీ తగిలించారు. కర్ర వెళ్లి దూడ దగ్గర పడింది. అయితే మా ఊరిదే కరెక్టు అని నేను గంతులేస్తుంటే, ఆయన నాలుగడుగులు వెనక్కి వెళ్లి, చివర పట్టుకున్న కర్రతో అక్కడి నుంచే నా కాలి బొటనవేలు తాకించారు. నడిమికి పట్టుకున్న నా కర్ర ఆయన దాకా వెళ్లలేదు.

అలాగని ప్రతిదానికీ 'మా స్టైల్ అంతే' అంటే ఒప్పుకోకండి. మా సార్ ఇది గట్టిగా చెప్పమన్నారు. బొటనవేలు పిడికిలి లోపల పెట్టి గుద్దితే ఏ స్టైల్‌లోనైనా వేలు విరుగుతుంది. గుద్దేటప్పుడు మణికట్టు వంగడం, అడుగేసినప్పుడు మోకాలు పాదం మీద నిలవకుండా లోపలికి పడిపోవడం, చూపు నేల మీద ఉండటం ఇవన్నీ తప్పులే. తేడా ఎలా తెలుస్తుందంటే, ఈ కదలిక దేనికి అని మాస్టర్‌ని అడగండి. ఎదురుగా ఒకరిని నిలబెట్టి చేసి చూపించగలిగితే అది ఆ ఇంటి పద్ధతి. 'మా దగ్గర అంతే' అన్న జవాబు ఒక్కటే వస్తే కొంచెం ఆలోచించండి. ఆ రోజు నేనిచ్చిన జవాబు అదే కదా.

చేర్చేముందు ఏ స్టైల్ అని అడిగి ఒక కాగితం మీద రాయించుకోండి. ఊరు మారేటప్పుడు బెల్టు సర్టిఫికెట్‌తో పాటు ఏ కటాలు వచ్చో, ఏ పేరుతో వచ్చో కూడా రాయించి తెచ్చుకోండి. పేరు మారినా వచ్చిన విద్య పోదని కొత్త మాస్టర్‌కు అప్పుడు తెలుస్తుంది. బెల్టు పోయిందని పిల్లలు ఏడిస్తే ఒక మాట చెప్పండి. రంగు బెల్టులు ఇతోసు కాలంలో లేవు. బెల్టు పద్ధతి జూడో నుంచి వచ్చింది, ఫునాకోషి మొదటి బ్లాక్ బెల్టులు ఇచ్చింది 1924లో. కటా దానికంటే పాతది. (బెల్టు పరీక్ష ఫీజులు కట్టిన మీకు ఈ మాట అంత ఓదార్పు కాదని నాకు తెలుసు.)

ఇవన్నీ ఆ నాన్నగారికి ఫోన్ చేసి చెప్పాను. మధ్యమధ్యలో ఊఁ కొట్టారు. అంతా విని, "అయితే రెండూ కరెక్టే అన్నమాట" అన్నారు. అవునండీ అన్నాను. "మరి బెల్టో?" అన్నారు. సార్‌తో మాట్లాడుతున్నాను అన్నాను.

అందరి ముందూ అన్న మాట కాబట్టి అసెంబ్లీలో అందరి ముందే ఆ పాపకు సారీ చెప్పాను. కదలికలు రెండూ చూపించి, నేను ఎక్కడ పొరబడ్డానో చెప్పాను. నేను కిందికి కూర్చోబోతే పిల్లలు నవ్వారు. ఆ పాప కూడా నవ్వింది. నాకు మోకాళ్లు సరిగ్గా తెరుచుకోలేదు.

మొన్న శనివారం ఆ పాప గ్రౌండ్‌కు వచ్చింది. తెల్ల బట్టలు వేసుకుంది కానీ నడుముకు ఏ బెల్టూ లేదు. ఆ సంగతి సార్ ఇంకా తేల్చలేదు, ఒంగోలు మాస్టర్‌తో మాట్లాడతానన్నారు. ఆ పాపనూ మన అబ్బాయి ఒకడినీ పక్కపక్కన నిలబెట్టి ఒకే డ్రమ్ముకు చేయించారు. చివరి నాలుగు దగ్గర ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద. పూర్తయ్యాక మూడో తరగతి బాబు ఒకడు ముందుకొచ్చి, "సార్, నాకు ఆ కింద కూర్చునేది నేర్పండి" అన్నాడు.

"నాకంత బాగా రాదురా, అక్కనడుగు" అన్నారు సార్.